దెబ్బ చిన్నదే... ఒడుపే పెద్దది!

రాయదుర్గాలు రెండు.

ఒకటి హైదరాబాద్‌లో ఉంది. 2019 నవంబరులో మెట్రో రైలు అక్కడిదాకా వచ్చింది. దిగి నాలుగడుగులు వేస్తే అద్దాల మేడలు, మెడలో కార్డులు వేలాడేసుకున్న కుర్రకారు. ఇంకాస్త దూరం పోతే గచ్చిబౌలి దగ్గర, ఏనుగుల్లాంటి బండరాళ్ల నడుమ పచ్చటి తివాచీ పరిచినట్టు 18 రంధ్రాల గోల్ఫ్ మైదానం.

రెండోది అనంతపురం జిల్లాలో, కర్ణాటక పొలిమేరలో ఉంది. జిల్లా కేంద్రం కన్నా బళ్లారే దీనికి దగ్గర. ఇక్కడా బండరాళ్లకు కొదవ లేదు. ఊరికి కాపలా కూర్చున్నట్టుండే కొండ, దాని మీద విజయనగర రాజుల కాలం నాటి కోట. కింద ఊళ్లోకి వస్తే ఏ వీధిలో చూసినా కుట్టుమిషన్ల చప్పుడు. ఎక్కడెక్కడి వాళ్లో తొడుక్కునే జీన్స్ ప్యాంట్లు ఇక్కడి దర్జీల చేతుల మీదుగా వెళుతుంటాయి. లేనిదల్లా వాన ఒక్కటే. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ కాగితం మీది సగటు. కొన్నేళ్లు ఆ లెక్కను కూడా వెక్కిరించి వెళ్లిపోతాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళితే వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. ఆ ఏటినే హగరి అని కూడా అంటారు. నీళ్లు పారాల్సిన చోట గాలి ఇసుకను పారిస్తుంటుంది.

ఇలాంటి ఊళ్లో గోల్ఫ్ కబుర్లేమిటి? అరచేతి వెడల్పు గడ్డి బతకడమే గగనమైన చోట, డబ్బున్నవాళ్ల పచ్చిక ఆటతో పనేమిటి?

పని ఉంది. గోల్ఫ్‌లో గుంత దగ్గరికి వచ్చాక ఆడే ఒక చిన్న దెబ్బ ఉంది. దాన్ని ‘చిప్పింగ్’ అంటారు. ఆ దెబ్బ లక్షణం చూస్తే అది పచ్చిక బయళ్లలో కాక ఎండు నేల మీద పుట్టిందేమో అనిపిస్తుంది. తక్కువతో సరిపెట్టుకోవడం, ఉన్నదాన్ని కొలిచి వాడుకోవడం, ఒక్క చుక్కా ఒలకనీయకపోవడం... ఈ గుణాలన్నీ దానికి కావాలి. కరవు సీమలో అవి బడికి వెళ్లి నేర్చుకోనక్కర్లేదు.

గుంత కనిపిస్తూనే ఉంటుంది!

గోల్ఫ్ ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆట మొదలయ్యే చోటు నుంచి గుంత ఎక్కడో నాలుగైదు వందల గజాల దూరాన ఉంటుంది. గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. బంతి బరువు 46 గ్రాములు మించకూడదు. ఆ బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో గుంతలో వేయాలి. మొదటి దెబ్బ బలంగా, దూరంగా కొడతారు. టీవీలో మనం చూసి నోరెళ్లబెట్టేది అదే. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దాని పేరు ‘గ్రీన్’. గ్రీన్ మీదికి చేరాక బంతిని నేల మీద దొర్లిస్తారు. అది ‘పటింగ్’.

ఈ రెండింటికీ మధ్య ఒక చిక్కు ఉంది. బంతి గ్రీన్ దాకా వచ్చింది గానీ గ్రీన్ ఎక్కలేదు. నాలుగు బారల దూరంలో, కాస్త ఎత్తుగా పెరిగిన గడ్డిలోనో, గట్టి నేల మీదో ఆగిపోయింది. గుంత కనిపిస్తూనే ఉంటుంది. పరిగెత్తితే పది అంగల్లో చేరొచ్చు. కానీ బలంగా కొడితే బంతి అవతలి గట్టు దాటుతుంది. భయపడి మెల్లగా కొడితే కాళ్ల ముందే పడుతుంది. బంతిని కొద్దిగా లేపి, గడ్డి దాటించి, గ్రీన్ అంచున దించి, అక్కణ్నుంచి గుంత దాకా దొర్లించాలి. గాల్లో కొంచెం, నేల మీద ఎక్కువ. అదే చిప్.

ఇదేమంత గొప్ప విషయం అంటారా? ఒక లెక్క చూడండి. మామూలుగా 18 గుంతల ఆటకు 72 దెబ్బలు ప్రమాణం అనుకుంటారు. అందులో గుంతకు రెండు చొప్పున 36 పటింగ్‌కే కేటాయించారు. అంటే సగం ఆట గుంత ముంగిట్లోనే. ఇక అమెరికాలోని పీజీఏ టూర్‌లో ఆడే మొనగాళ్లు కూడా 18 గ్రీన్లలో సగటున 12 చోట్ల మాత్రమే అనుకున్న దెబ్బల్లో గ్రీన్ ఎక్కగలుగుతారు. మిగతా ఆరు చోట్ల గురి తప్పుతుంది. రోజంతా గోల్ఫే లోకంగా బతికేవాళ్ల సంగతే ఇలా ఉంటే మామూలు వాళ్ల సంగతి చెప్పేదేముంది! ఆ తప్పిన చోట్లన్నీ మళ్లీ దారిలో పెట్టేది ఈ చిన్న దెబ్బే. అంటే చిప్పింగ్ గొప్పలు చూపించుకునే విద్య కాదు. జరిగిన నష్టాన్ని పూడ్చే విద్య.

బలం ఓడిన రోజు

1938లో అమెరికాలో పీజీఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఒకవైపు శామ్ స్నీడ్. బంతిని ఆమడ దూరం కొట్టగలడని పేరు. రెండోవైపు పాల్ రన్యన్. బక్కపలచని మనిషి. ప్రతి గుంత దగ్గరా మొదటి దెబ్బకు రన్యన్ బంతి స్నీడ్ బంతికి ఎంతో వెనక ఉండిపోయేది. చూసినవాళ్లు పందెం తేలిపోయిందనే అనుకుని ఉంటారు. కానీ గ్రీన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయేది. రన్యన్ చిప్ కొడితే బంతి గుంత పక్కన వచ్చి కూర్చునేది. చివరికి ఆయన ఎనిమిది గుంతల ఆధిక్యం సంపాదించాడు. ఇంకా ఆడాల్సినవి ఏడే మిగిలాయి. అక్కడితో ఆట అయిపోయింది. ‘చిట్టి విషం’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు రన్యన్‌కు ఉండేది. ఊరికే రాలేదు ఆ పేరు.

అంత దూరం వెళ్లక్కర్లేదు. మన పొరుగునే బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఉంది. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి కదా, అక్కడ మొదటి దెబ్బ దూరంలో ఆమె చాలామంది కన్నా వెనకబడింది. అయినా గ్రీన్ చుట్టుపక్కల, గ్రీన్ మీద ఒడుపుతో నాలుగు రోజులూ పతకం రేసులో నిలిచింది. ఆఖరికి ఒక్కటంటే ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం పోరుకు దూరమై నాలుగో స్థానంలో ఆగింది. అంతవరకు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా ఆ శనివారం పొద్దున్నే టీవీలు పెట్టుకుని కూర్చున్నారు.

కొట్టేదెలా?

ఇప్పుడు అసలు విద్య. కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పుకుందాం. వీళ్లకు ఎడమ భుజం గుంత వైపు ఉంటుంది.

ముందు కర్ర ఎత్తకూడదు, కళ్లెత్తాలి. బంతి దగ్గర్నుంచి గుంత దాకా నేలను చూడాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, నీళ్లు పోస్తే ఎటు పారతాయి? చేను గట్టు మీద నిలబడి మడవ తిప్పే రైతు చూసే చూపు అది. ఆ తర్వాత బంతి ఎక్కడ నేలను తాకాలో ఒక చోటు అనుకోవాలి. గ్రీన్ అంచు దాటి ఒకటి రెండు అడుగుల లోపల అయితే మేలు. ఇక గుంతను మరిచిపోవాలి. గురి ఆ చోటు మీదే. సరైన చోట దిగితే మిగతా దారి నేలే చూసుకుంటుంది.

రెండోది కర్ర ఎంపిక. గోల్ఫ్ సంచిలో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు. ఒక్కోదానికి ముఖం వాలు ఒక్కోలా ఉంటుంది. వాలు ఎక్కువైతే బంతి ఎత్తుకు లేచి తక్కువ దొర్లుతుంది. వాలు తక్కువైతే తక్కువ లేచి ఎక్కువ దొర్లుతుంది. దీనికి పాతకాలం నుంచి ఒక పన్నెండు లెక్క ఉంది. బంతి నుంచి దిగాల్సిన చోటుకు ఎన్ని అడుగులో నడిచి చూడండి. అక్కణ్నుంచి గుంతకు ఎన్ని అడుగులో చూడండి. రెండోది మొదటిదానికి ఎన్ని రెట్లో ఆ అంకెను పన్నెండులోంచి తీసేయండి. నాలుగు రెట్లు అయితే మిగిలేది ఎనిమిది, కాబట్టి ఎనిమిదో నంబరు ఐరన్. మూడు రెట్లు అయితే తొమ్మిదో నంబరు. రెండు రెట్లయితే పది వస్తుంది. పిచింగ్ వెడ్జ్‌ను పదిగా లెక్కేసుకోవాలి. ఇది చదునైన, ఓ మాదిరి వేగం ఉన్న గ్రీన్‌కు సరిపోతుంది. ఎగువకు అయితే ఒక నంబరు తగ్గించుకోవాలి, దిగువకు అయితే పెంచుకోవాలి. ఎక్కాల పుస్తకం చదివిన ఏ పిల్లాడికైనా ఇది నిమిషంలో పట్టుబడుతుంది.

మూడోది నిలబడే తీరు. పాదాలు దగ్గరగా, మధ్యలో బెత్తెడు ఎడం ఉంటే చాలు. ఒంటి బరువులో సగానికి పైన, అంటే అరవై డెబ్బై పాళ్లు, ఎడమకాలి మీద ఉండాలి. దెబ్బ పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. బంతి రెండు పాదాల మధ్యలో, లేదా కొద్దిగా కుడికాలి వైపు. కర్రను కాస్త కిందికి పట్టుకోవాలి. చేతులు బంతి కన్నా కొంచెం గుంత వైపు ముందుండాలి. పట్టు ఎంత ఉండాలంటారా? రద్దీ బజారులో పసిపిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తామే, అంత. వదిలితే తప్పిపోతాడు, నొక్కితే ఏడుస్తాడు.

నాలుగోది ఊపు. మణికట్లు మాట్లాడకూడదు. భుజాలు, చేతులు, కర్ర మూడూ కలిసి ఒక్కటిగా ఊగాలి. ఉయ్యాలను చూడండి. ఎంత వెనక్కి వెళితే అంత ముందుకు వస్తుంది. దూరం కావాలంటే ఇంకొంచెం వెనక్కి తీయాలి గానీ మధ్యలో బలం కలపకూడదు. పెద్దగా వెనక్కి తీసి, ఎక్కువైపోయిందేమోనని బంతి దగ్గర బ్రేకు వేయడం చాలామంది చేసే పొరపాటు. చిన్నగా తీసి, ధైర్యంగా పూర్తి చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ఐదోది: బంతిని లేపాలని చూడకూడదు. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. బంతి లేవాలి కదా, లేపకపోతే ఎలా? లేపే పని కర్ర ముఖం వాలుది. మనిషి పని కర్రను బంతి మీదుగా కిందికి, ముందుకు పంపడమే. కర్ర ముందు బంతిని తాకాలి, తర్వాతే నేలను తాకాలి. గరిటెతో పులుసు తోడినట్టు బంతిని తోడబోతే రెండే జరుగుతాయి. కర్ర బంతికి వెనక నేలను తవ్వి ఆగిపోతుంది. లేదా అంచు బంతి నెత్తిన తగిలి, అది ఈలలు వేసుకుంటూ అవతలి గట్టుకు పోతుంది.

ఇంత తెలిసీ చేయి వణకడం మానదు. ప్రపంచాన్ని ఏలిన టైగర్ వుడ్స్‌కు కూడా ఒక దశలో చిప్పింగ్ చేయి దాటిపోయింది. 2015 ఆరంభంలో ఫీనిక్స్ టోర్నీ రెండో రోజున ఆయన స్కోరు 82. గ్రీన్ పక్కనుంచి కొట్టిన చిప్‌లు కొన్ని నేలను తవ్వాయి, కొన్ని గ్రీన్ దాటి పారిపోయాయి. పదేళ్ల కిందట 2005లో ఆగస్టా మాస్టర్స్ పదహారో గుంత దగ్గర ఆయన కొట్టిన చిప్‌ను ఆట తెలిసినవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. బంతి వాలు ఎక్కి, మలుపు తిరిగి, మెల్లగా దిగి, గుంత అంచున క్షణం ఆగి, ఆపైన లోపలికి జారింది. ఆ చేతులే ఈ చేతులు. పెద్ద దెబ్బలో చిన్న బెదురు కలిసినా కనపడదు. చిన్న దెబ్బలో అది దాక్కోవడానికి చోటుండదు.

ఎండు నేలే గురువు

ఇప్పుడు మన రాయదుర్గం నేల మీదికి వద్దాం. గడ్డి లేదు. గట్టి మట్టి, గులకరాళ్లు. ఇలాంటి చోట ఎత్తుకు లేపే వెడ్జ్ వాడితే దాని అడుగు భాగం నేలకు కొట్టుకుని ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. కాబట్టి అనుభవజ్ఞుల సలహా ఒక్కటే. నేల గట్టిగా ఉంటే బంతిని లేపొద్దు, దొర్లించు. ఏడో నంబరో ఎనిమిదో నంబరో ఐరన్‌తో తక్కువ ఎత్తులో తోసెయ్. అదీ కష్టమనిపిస్తే గ్రీన్ బయటి నుంచే పటర్ తీసుకుని దొర్లించెయ్. దీనికి గోల్ఫ్ భాషలో ఒక పేరుంది, ‘టెక్సస్ వెడ్జ్’ అని. అమెరికాలోని టెక్సస్ నేల ఎండి గట్టిపడి ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు అది అలవాటైంది, పేరు నిలిచింది. గోల్ఫ్ మన వైపు పుట్టి ఉంటే దాన్ని ‘రాయదుర్గం వెడ్జ్’ అనేవాళ్లేమో!

ఇసుక విషయమూ అంతే. స్పెయిన్‌లో పెద్రెన్యా అనే పల్లెలో సెవె బాయెస్తెరోస్ అనే కుర్రాడు ఉండేవాడు. సంచి నిండా క్లబ్బులు కొనే స్తోమత లేదు. దొరికింది ఒక్క పాత మూడో నంబరు ఐరన్. మామూలుగా దూరం కొట్టడానికి వాడే కర్ర అది. దాంతోనే సముద్రపు ఒడ్డున ఇసుకలో పొద్దంతా ఆడేవాడు. ఎత్తు దెబ్బ, పల్లపు దెబ్బ, మెత్తని దెబ్బ, అన్నీ ఆ ఒక్క కర్రలోంచే పిండుకున్నాడు. పెద్దయ్యాక బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు, మాస్టర్స్ రెండుసార్లు గెలిచాడు. 2011లో కన్నుమూసేదాకా, ఆ తర్వాతా గ్రీన్ చుట్టూ ఆడే ఆటకు ఆయన పేరే కొండగుర్తు. లేమి ఆయనకు అడ్డం రాలేదు అనడం తక్కువ చెప్పడం. లేమే ఆయన చేతికి అన్ని దెబ్బలు నేర్పింది.

గడ్డి లేకుండా గోల్ఫ్ ఆడే ఊరు కూడా ఉంది. ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పెడీ అనే ఉపల రత్నాల గనుల ఊరు. అక్కడి మైదానంలో గడ్డిపోచ ఉండదు. ఆటగాళ్లు చాపముక్కంత కృత్రిమ పచ్చికను వెంట తీసుకెళతారు. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ ముక్క పరిచి, దాని మీద బంతి పెట్టి కొడతారు. గ్రీన్లు కూడా నూనె కలిపిన ఇసుకవే. ఎండ భరించలేక రాత్రిళ్లు వెలిగే బంతులతో ఆడతారు.

అసలు ఈ ఆట పెరిగింది కూడా స్కాట్లాండ్‌లో నాగలి దిగని సముద్రతీరపు ఇసుక నేలల్లో. గొర్రెలు మేసి నున్న చేసిన చోటే మైదానం. గాలికి వెరచి గొర్రెలు ఒదిగి పడుకున్న గుంతలే తర్వాత ‘బంకర్లు’ అయ్యాయని కూడా చెబుతారు. జనం విలువిద్య మానేసి ఈ ఆట మీద పడుతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీన్ని నిషేధించింది. ఒకనాటి గొర్రెల బీడు, ఈనాటి వజ్రాల ఉంగరాల పచ్చిక. మధ్యలో వచ్చి చేరిన ఖర్చంతా ఆటది కాదు, హోదాది.

మన తీగల

తెలుగువాళ్లలో ఈ చిన్న దెబ్బకు ఎవరైనా ఉన్నారా? ఉన్నాడు. పేరు సాహిత్ తీగల. తండ్రి మురళీధర్ 1987లో హైదరాబాద్ నుంచి పైచదువులకు అమెరికా వెళ్లాడు. తల్లి కరుణ. 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్‌కు చిన్నప్పుడే వెన్నెముక వంకర ఉన్నట్టు తేలింది. గోల్ఫ్ అంటేనే నడుము తిప్పే ఆట. అయినా ఆగలేదు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లో మేటి ఆటగాడికిచ్చే పెద్ద పురస్కారాలన్నీ గెలుచుకున్నాడు.

2023 ఏప్రిల్‌లో మొదటిసారి మాస్టర్స్ ఆడాడు. ఆఖరి రోజు పదహారో గుంత. బంతి గ్రీన్‌కు ఎడమ పక్కన పడింది. దాదాపు 2005లో టైగర్ వుడ్స్ నిలబడ్డ చోటే! సాహిత్ కూడా గుంత వైపు చూడలేదు. వాలు మీద ఒక చోటు చూసుకుని చిన్నగా తట్టాడు. బంతి ఎక్కింది, తిరిగింది, దిగింది, గుంతలో పడింది. జనం హోరు. మొదటి మాస్టర్స్‌లోనే తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో పీజీఏ టూర్ తొలి టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు.

అయితే ఆయన గురించి ఇంట్లో పిల్లలకు చెప్పాల్సిన కథ ఇంకొకటి ఉంది. 2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటా. మూడో రోజు మూడో గుంత ఆడుతూ బంకర్‌లోంచి కొట్టబోయాడు. కర్ర వెనక్కి తీసేటప్పుడు కొద్దిగా ఇసుక తాకినట్టు అనిపించింది. నియమం ప్రకారం అది తప్పు, రెండు దెబ్బల శిక్ష. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు, శిక్ష వేయించుకున్నాడు. టోర్నీ ముగిసేసరికి ఆయనది మూడో స్థానం. రెండో స్థానానికీ ఆయనకూ తేడా సరిగ్గా రెండు దెబ్బలు. ఆ తేడా విలువ మన లెక్కలో కోట్ల రూపాయలు.

గోల్ఫ్‌లో ప్రతి దెబ్బ దగ్గరా అంపైర్ నిలబడి ఉండడు. ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోవాలి. రేణువంత ఇసుకను పట్టించుకునే చేయికే చిప్ దెబ్బలో వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. ఆ రెండూ వేర్వేరు విద్యలు కావు.

పచ్చిక వద్దు, విద్య చాలు

అలాగని రాయదుర్గంలో గోల్ఫ్ మైదానం కట్టాలా? వద్దు. 18 గుంతల మైదానానికి వందెకరాలకు పైనే కావాలి. ఎండ ప్రాంతంలో ఆ పచ్చిక బతకాలంటే రోజూ లక్షల లీటర్ల నీళ్లు తాగించాలి. పెద్ద నగరాల్లో శుద్ధి చేసిన మురుగునీటితో కొంత సర్దుకుంటున్నారు. వేరుశనగ చేను ఒక్క తడి కోసం ఆకాశం వైపు చూసే చోట అలాంటి మాట ఎత్తడం కూడా పాపమే. బిందె కోసం ఆడవాళ్లు వరసలో నిలబడిన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్నో. మైదానం వేరు, విద్య వేరు. మైదానానికి నీళ్లు కావాలి. విద్యకు ఓపిక కావాలి.

ఆ విద్యకు తోబుట్టువులు మన వీధుల్లోనే ఉన్నాయి. బిళ్లంగోడు అనండి, చిల్లాకట్టె అనండి, కన్నడం మాట్లాడే ఇళ్లలో చిన్నిదాండు అనండి. మొన తట్టి బిళ్లను లేపడంలో బలం పనికిరాదు. కాస్త ఎక్కువైతే బిళ్ల మొహానికే వస్తుంది. గోలీలాటలో గుంత పక్కన ఆగిన గోలీని వేలితో లోపలికి నెట్టడంలోనూ అదే ఒడుపు. ఇక్కడి దర్జీని అడిగినా చెబుతాడు. బారెడు పొడుగు కుట్టు మిషన్ వేగంతో పోతుంది. జేబు మూల దగ్గర మాత్రం కాలు నెమ్మదించాలి, చెయ్యి మాట్లాడాలి. ప్యాంటు మన్నిక ఆ మూల దగ్గరే తెలుస్తుంది.

క్రికెట్ వచ్చాక పిల్లలందరి కళ్లూ సిక్సర్ మీదే. ఇంట్లో పెద్దవాళ్లకూ అంతే. ర్యాంకు వస్తే పెద్దది రావాలి, ఉద్యోగం వస్తే పెద్దది రావాలి. మొదటి దెబ్బ తప్పి గట్టు పక్కన పడ్డ పిల్లాడికి, అక్కణ్నుంచి గుంతకు ఎలా చేరాలో చెప్పేవాళ్లు తక్కువ. పీజీఏ టూర్ మొనగాళ్లకే రోజుకు ఆరుసార్లు గురి తప్పుతుంటే, తప్పడం మామూలే అని పిల్లలకు చెప్పడానికి మనకెందుకు సంకోచం?

నేర్చుకోవడానికి ఖర్చు కూడా లేదు. ఒక పాత తువ్వాలు, నాలుగు బంతులు, బడి ఆవరణలో కాస్త చదునైన నేల. తువ్వాలును మడిచి ఆరడుగుల దూరంలో పరవండి. ముందు కర్ర అక్కర్లేదు. చేత్తోనే కింది నుంచి బంతిని విసిరి తువ్వాలు మీద దిగేలా చూడమనండి. దిగాక ఎంత దూరం దొర్లుతుందో అడుగులు కొలవమనండి. తర్వాత చివర కాస్త వాలుగా చెక్కిన కర్ర ఇవ్వండి. పది బంతుల్లో ఎన్ని తువ్వాలు మీద పడ్డాయో రోజూ గోడ మీద బొగ్గుతో రాసుకోమనండి. మొదటి రోజు ఒకటో రెండో పడతాయి. వారం తిరిగేసరికి అంకె మారుతుంది. పడని బంతిని పడినట్టు రాసుకోకూడదన్న నియమం ఒక్కటి మాత్రం మొదటి రోజే చెప్పండి.